ముందే కట్టినవాళ్ళు

మెషీను చేతికిచ్చినప్పుడు రొట్టెలక్క దాని తెర వైపు చూడలేదు. నూనె చెయ్యి తగిలితే పాడవుతుందా అని అడిగింది. నీలం టోపీ పెట్టుకున్న అతను, పాడవదు గానీ నీళ్ళలో పడితే బాధ్యత మీదే అన్నాడు. బాధ్యత అనే మాట ఆ పొద్దున అతని నోట చాలాసార్లు వచ్చింది. మైదానంలో తిండి బళ్ళు పెట్టుకునేవాళ్ళందరినీ ఒక గుడారం కింద నిలబెట్టి, ఈ ఏడు నుంచి సంగీతోత్సవంలో నోటు గానీ నాణెం గానీ కంటికి కనపడకూడదని చెప్పాడు. పాటలు వినడానికి వచ్చేవాళ్ళు ఇంట్లోనే డబ్బు కట్టేసి వస్తారు. వాళ్ళ ముంజేతికి రంగు పట్టీ ఉంటుంది. దాన్ని మెషీనుకి ఆనిస్తే టింగుమంటుంది, డబ్బు ఉత్సవం నడిపే కంపెనీ ఖాతాలో పడుతుంది. మరి అమ్మినవాళ్ళకి ఎప్పుడొస్తుందని వెనక నుంచి ఎవరో అడిగారు. ఉత్సవం అయిపోయి, లెక్కలన్నీ సరిచూశాక, కంపెనీ వాటా పోను, నెలకో నెలన్నరకో వస్తుందన్నాడు.

"అంటే ఈ మూడు రోజులూ గాలి భోంచెయ్యాలన్నమాట," అన్నాడు రొట్టెలక్క మొగుడు, పక్కవాళ్ళకి మాత్రం వినపడేలా. పక్కవాళ్ళు నవ్వారు. టోపీ అతనికీ వినపడే ఉంటుంది, విననట్టు తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి విషయం ప్లేట్లు. ఈసారి ప్లేట్లు కంపెనీయే ఇస్తుంది, గిటారు బొమ్మ అచ్చేసిన అట్ట ప్లేట్లు. ఎన్ని ప్లేట్లు ఖర్చయ్యాయో మెషీను అన్నిసార్లు మోగి ఉండాలి. తేడా వస్తే బండివాళ్ళు చాటుగా డబ్బు తీసుకున్నట్టే లెక్క. అలా దొరికినవాళ్ళకి ఇక్కడే కాదు, ఈ కంపెనీ నడిపే ఏ మైదానంలోనూ ఇక చోటుండదు. మూడో రోజు సాయంత్రం దాకా నడపకుండా మధ్యలో బండి కట్టేసినా అంతే. ప్లేటు చిరిగిపోతే మాత్రం పారెయ్యకుండా తిరిగిచ్చెయ్యాలి, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

చోటు అన్న మాట దగ్గర రొట్టెలక్క చెవులు రిక్కించింది. ఏడాది పొడుగునా వీధి మలుపులో అమ్మేది ఒక ఎత్తు, ఈ మైదానాల్లో అమ్మేది ఒక ఎత్తు. కూతురి కాలేజీ గడిచేది వీటి మీదే. అందుకే కంపెనీ చోటు అద్దె పెంచినా, మెషీనుకి వేరే అద్దె వేసినా, ఇంట్లో ఉన్నది, ఫోనులో ఉన్నది, తోడికోడలి దగ్గర బతిమాలి తెచ్చింది అంతా ఊడ్చి కట్టేశారు.

"మూడు రోజులు అది చెప్పినట్టు వింటే సరి," అంది మెషీన్ని పొడిగుడ్డలో చుడుతూ. "చెప్పినట్టు వినడం నీకు అలవాటే కదా."

"నా మాట సరే, నీకు అలవాటుందా?" అన్నాడు మొగుడు.

ఆ అడగడంలో అర్థముంది. రొట్టెలక్క పెనం ముందు నిలబడితే డబ్బు ముట్టుకోదు. గిలక్కొట్టిన గుడ్లు పెనం మీద పోసి, అది అంచుల దగ్గర బుడగలు కట్టేలోగా ఉల్లిముక్కలు, మిరియాల పొడి చల్లి, రెండు రొట్టె ముక్కలు దాని మీదే బోర్లించి, అట్లకాడతో ఒక్క ఊపున తిరగేస్తుంది. కింద ఆమ్లెట్, పైన రొట్టె ఉన్నది కాస్తా కింద రొట్టె, పైన ఆమ్లెట్ అవుతుంది. మడిచి, నొక్కి, మూలకి కోసి ఇచ్చేస్తుంది. నాణేలు ముట్టుకున్న చెయ్యి రొట్టె మీద పెట్టకూడదని ఆమె పట్టుదల. అందుకని బండి చెక్క చివర ఒక రేకు డబ్బా పెట్టేది. తిన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే డబ్బులు వేసి, చిల్లర వాళ్ళే ఏరుకునేవాళ్ళు. ముందే ఇవ్వబోయినవాళ్ళని కూడా, "తిన్నాక వెయ్యండి, ఆకలి మీద లెక్క తప్పుతుంది," అని ఆపేది. ఎగ్గొట్టినవాళ్ళు లేరని కాదు. ఎగ్గొట్టినవాడి మొహం మళ్ళీ కనపడినప్పుడు అట్లకాడ ఎత్తి ఒకసారి చూసేది, అంతే. చాలామంది ఆ చూపుకే పాతబాకీ తీర్చేసేవాళ్ళు.

ఇప్పుడు డబ్బా బండి కింద సంచిలోకి పోయింది. మధ్యాహ్నం మొదటి గుంపు వచ్చినప్పుడు రొట్టెలక్క చేతులు పాత దారినే పోయాయి. ప్లేటు ఇచ్చేసింది, ఆ పిల్లలు వేదిక వైపు నడిచిపోయారు, అప్పుడు గుర్తొచ్చింది. మొగుడు పరిగెత్తి వాళ్ళని పట్టుకొచ్చాడు. వాళ్ళు సారీ ఆంటీ అంటూ పట్టీలు ఆనించారు. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి పట్టీ రంగు చూసి వెతుకుదామంటే ఆ రంగు పట్టీలే మైదానం నిండా ఉన్నాయి.

"ఇలా అయితే కూలీ నీకు, పరుగు పందెం నాకు," అని మొగుడు గుడ్ల గిన్నె పక్కన పెట్టి మెషీను తన చేతిలోకి తీసుకున్నాడు. బండి ముందు నిలబడి, "ముందు పట్టీ, తర్వాత రొట్టె," అని ప్రతివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్నప్పుడల్లా రొట్టెలక్కకి సిగ్గుగా ఉంది. ఎదుటివాడిని దొంగ అన్నట్టే తోచింది.

ఎండ వాలుతుండగా, పెద్ద గుంపులు రాకముందు, ఎప్పుడూ పనివాళ్ళు వచ్చే వేళ అది. వేదికకి తాళ్ళు బిగించేవాళ్ళు, కరెంటు తీగలు లాగేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు. వాళ్ళకి సగం ధర. అందరి కంటే ముందు నడిచేది పెద్దమ్మ. మైదానం ఊడ్చే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. చీపురు భుజాన పెట్టుకుని నడుస్తుంటే వెనక ఉన్నవాళ్ళు తల కాచుకోవాలి.

"ఏమే పిల్లా, మళ్ళీ చిక్కిపోయావా, మీ ఆయన నీ వాటా కూడా తింటున్నాడా?" అంటూ వచ్చింది. మొగుడి చేతిలో మెషీను చూసి ఆగింది. తన ముంజేతికున్న తెల్ల పట్టీ పైకెత్తి చూపించింది. "ఇదిగో, మాకూ కట్టారు. గేటు దగ్గర తలుపు తెరుచుకోవడానికే పనికొస్తుందంట. ఇందులో డబ్బు పడదంట. ఇంటినుంచి అన్నం డబ్బా తెచ్చుకుందామంటే గేటు దగ్గర సంచులు వెతికి తీసేసుకున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పొద్దున్నుంచి నీళ్ళే తాగాం." చీర మీద తొడుక్కున్న చొక్కా జేబులోంచి రుమాలు మూట తీసింది. "ఇవి డబ్బులే కదా? ఈ గేటు దాటి లోపలికొచ్చేసరికి రాళ్ళైపోయాయా?"

దీపస్తంభం మీద కెమెరా ఉంది. రొట్టెలక్క అటు చూడకుండానే ఆ సంగతి గుర్తుచేసుకుంది. "అది లోపల పెట్టు పెద్దమ్మా," అంది. "తినండి ముందు. తర్వాత చూద్దాం."

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "ప్లేట్లు," అన్నాడు మెల్లిగా.

పెద్దమ్మ సంగతి మొత్తం అడిగి తెలుసుకుంది. బండి వెనక చేరి, ప్లేటు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్క తునక మిగల్చకుండా తిని, గిటారు బొమ్మ మీద చూపుడు వేలితో గీత గీసి, సరిగ్గా మధ్యకి చింపింది. "అయ్యో, చిరిగిపోయింది పాపం," అంది. తక్కినవాళ్ళూ అలాగే చింపారు. తాళ్ళు బిగించే అతనైతే చింపి, అంచులు సరిపోయాయో లేదో కలిపి చూసి మరీ ఇచ్చాడు. రొట్టెలక్క చాలారోజుల తర్వాత పెనం ముందు నవ్వింది.

చీకటి పడబోతుండగా పగటి పనివాళ్ళు దిగిపోయే వేళకి ఆమె నీళ్ళ డబ్బా పట్టుకుని వెనక గేటు బయట కుళాయి దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ అక్కడే కాచుకుని ఉంది. ఆమె లెక్క చెబుతుంటే ఒక్కొక్కరే వచ్చి రొట్టెలక్క దోసిట్లో డబ్బులు పోశారు. ఎవరూ తగ్గించలేదు, ఎవరూ తప్పించుకోలేదు. గేటు ఇవతల కాబట్టి అవి మళ్ళీ డబ్బులే.

మర్నాడు పొద్దున్నే గుడ్ల కొట్టు దగ్గర మొగుడు మెషీను తెర వెలిగించి చూపించాడు. "చూడు, ఎంతుందో. మా డబ్బే. కాకపోతే నెల పోయాక వస్తుంది."

కొట్టతను తొంగి చూసి మెచ్చుకున్నాడు. "బాగా అమ్మారే. మరి దాన్ని తీసుకెళ్ళి నా కోళ్ళ ముందు మోగించు. అది విని పెడితే పట్టుకుపో."

రొట్టెలక్క కొంచెం సేపు ఇద్దరినీ వాదించుకోనిచ్చింది. తర్వాత సంచిలోంచి చిల్లర మూట తీసి గల్లా మీద పెట్టింది. కొట్టతను గుడ్ల అట్టలు దించాడు. ఆ డబ్బులు గుడ్లకీ రొట్టెలకీ సరిగ్గా సరిపోయాయి. బండి తోసుకుంటూ వస్తుంటే మొగుడు అన్నాడు, పాటలు వినేవాళ్ళు తినే తిండికి పని చేసేవాళ్ళు పెట్టుబడి పెట్టారని. ఆమెకి ఆ మాట మీద ఆలోచించే ఓపిక లేదు. ముందు రోజంతా నిలబడిన కాళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.

రెండో రోజు ఎండ వాలే వేళకి టోపీ అతను తనే వచ్చాడు. చేతిలో సంచి ఉంది. రెండు రోజుల్లోనే గొంతు పూర్తిగా బొంగురుపోయింది. సంచిలోంచి చిరిగిన ప్లేట్లు తీసి చెక్క మీద పరిచాడు.

"అమ్మా, అన్ని బళ్ళ దగ్గరా నాలుగో అయిదో చిరిగాయి. మీ దగ్గర ఇన్ని."

"వేడి తగిలి చిరిగిపోతున్నాయి బాబూ," అన్నాడు మొగుడు.

"వేడికి అన్నీ మధ్యకే చిరుగుతాయా?" ఒక ప్లేటు రెండు ముక్కలూ కలిపి పట్టుకున్నాడు. నూనె మరక ఒక ముక్క మీంచి రెండో ముక్క మీదకి చక్కగా గుండ్రంగా సాగింది. "చిరగకముందు ఇందులో ఎవరో తిన్నారు కూడా. నిన్న పనివాళ్ళు మీ బండి వెనక కూర్చోవడం కెమెరాలో ఉంది. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటున్నారా? చెప్పండి. పైనుంచి నన్ను అడుగుతున్నారు. మీ చోటు సంగతి తర్వాత, ముందు నా ఉద్యోగం పోయేలా ఉంది."

మనిషి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. రొట్టెలక్క పెనం మీద గుడ్డు తిరగేస్తూ ఏం చెప్పాలా అని వెతుక్కుంటోంది. సరిగ్గా అప్పుడే తాళ్ళవాళ్ళూ, ఊడ్చేవాళ్ళూ వరసగా వస్తూ కనిపించారు. ముందు పెద్దమ్మ. టోపీ అతని వీపు వాళ్ళ వైపు ఉండడం వల్ల అతనెవరో ఆమెకి తెలియలేదు. చెయ్యి అప్పటికే జేబులో రుమాలు మీద ఉంది.

"ఏమే పిల్లా," అని మొదలుపెట్టింది.

"మళ్ళీ తయారయ్యారా?" అంది రొట్టెలక్క.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆపుకోలేదు. "నిన్న ఏదో జాలిపడి పెడితే రోజూ వచ్చి నిలబడతారా? ఊరికే పెట్టడానికి ఇదేమన్నా ధర్మసత్రమా? మేం బతకొద్దా? పొండి, పొండి ఇక్కణ్ణుంచి."

వరసలో నిలబడ్డ పిల్లలు తలలు తిప్పి చూశారు. ఒకమ్మాయి జాలిగా పనివాళ్ళ వైపు చూసింది. ఆ జాలి చూపు పెద్దమ్మ మీద పడడం రొట్టెలక్కకి కనపడింది. పెద్దమ్మ జేబులోంచి చెయ్యి తీసేసింది. ఖాళీ చెయ్యి. టోపీ అతన్ని చూసింది, చెక్క మీద పరిచిన ప్లేట్లు చూసింది. అన్నీ అర్థమైనట్టే ఉంది. కానీ అర్థమవడం వేరు, పదిమందిలో పడ్డ మాట వేరు.

"సరేనండీ," అంది పెద్దమ్మ.

ఇన్నేళ్ళలో ఆమె రొట్టెలక్కని అండీ అనలేదు. చీపురు భుజానికెత్తుకోకుండా కిందకి దించి పట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళింది. తక్కినవాళ్ళు ఆమె వెనకే వెళ్ళారు.

టోపీ అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ఊరికే పెట్టారా? ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా. నేనింకా డబ్బులేమో అనుకున్నా." ప్లేట్లు సంచిలో వేసుకుని, పెట్టినా ఇకనుంచి తనకి చెప్పి పెట్టమని, కొంచెం నవ్వి వెళ్ళిపోయాడు.

"గండం గడిచింది," అన్నాడు మొగుడు.

"గడిచింది," అంది రొట్టెలక్క. పెనం మీదది మాడిపోయింది. గీకి పారేసి ఇంకోటి పోసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమెది జారడం కూడా కాదు. కావాలనే అంది, చోటు కోసం అంది, అనగానే చోటు నిలబడింది. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది. వాళ్ళు ముందురోజు తిన్న ప్రతి ముక్కకీ డబ్బిచ్చారు. ఆ డబ్బుతో కొన్న గుడ్లే ఇప్పుడు పెనం మీద వేగుతున్నాయి. వాటినే అమ్ముతూ, ఆ మనుషుల్నే ముష్టివాళ్ళని చేసింది.

సాయంత్రం అక్కర్లేకపోయినా నీళ్ళ డబ్బా పట్టుకుని వెనక గేటు బయటికి వెళ్ళింది. పనివాళ్ళు గుంపులుగా బయటికొచ్చారు. ఆమె కుళాయి కట్టకుండా నిలబడింది, నీళ్ళు డబ్బా నిండి పాదాల మీదుగా పోయాయి. ఎవరూ ఆగలేదు. పెద్దమ్మ పక్కనున్న మనిషితో ఏదో మాట్లాడుతూ, మాట మధ్యలో ఆపకుండా ఆమెని దాటి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున గుడ్ల కొట్టతను కొట్టు తెరవకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు. నిన్నటి చిల్లర లాంటిది ఉంటే చూపించమన్నాడు. లేదు. రొట్టెలక్క తోడికోడలికి ఫోన్ చేసింది. ఆవిడ నిద్రమత్తు గొంతుతో, మొన్నటిదే ఇంకా మా ఆయనకి చెప్పలేదక్కా అంది. పక్క బండి మొక్కజొన్నల అతన్ని అడిగితే, తనే భార్య చెవిపోగులు పెట్టి ఇవాళ్టి కంకులు తెచ్చానన్నాడు. మొగుడు రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని మెషీన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు రోజుల అమ్మకం దానిలో నిండుగా ఉంది. తెర నొక్కితే వెలుగుతోంది, వదిలేస్తే ఆరిపోతోంది.

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని," అన్నాడు. నవ్వించాలని కాదు, అలవాటుగా అన్నాడు. "ఉన్న గుడ్లు మధ్యాహ్నానికి అయిపోతాయి. బండి కట్టేస్తే చోటు పోతుంది. నిన్న అన్నేసి మాటలు అని నిలబెట్టుకున్నది ఇవాళ ఊరికే పోతుంది."

ఆమె అరుగు మీంచి లేచింది. ఎక్కడికని అతను అడగలేదు. ఇక మిగిలింది ఒక్క చోటే అని అతనికీ తెలుసు.

వెనక గేటు బయట పనివాళ్ళు లోపలికి వెళ్ళడానికి వరసలో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ గోడకి ఆనుకుని చీపురు పుల్లలు బిగించి కట్టుకుంటోంది. రొట్టెలక్క ఎదురుగా వెళ్ళి నిలబడింది. దారిలో చాలా మాటలు కూడదీసుకుంది. టోపీ అతను అక్కడున్నాడని, భయపడ్డానని, నా ఉద్దేశం అది కాదని. పెద్దమ్మ చేతులు చూస్తూ నిలబడేసరికి అవన్నీ చెప్పక్కర్లేదనిపించింది. అవి ఆమెకి ముందే తెలుసు.

"గుడ్లు కొనడానికి డబ్బుల్లేవు పెద్దమ్మా," అంది.

తాళ్ళు బిగించే అతను పక్కనుంచి అందుకున్నాడు. "ముష్టివాళ్ళ దగ్గర డబ్బులుంటాయా అక్కా? మీరు జాలిపడి పెడితే తినేవాళ్ళం."

రొట్టెలక్క తల వంచుకుంది. ఏడిస్తే బాగుండేది గానీ ఏడుపు రాలేదు. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, అంతే.

"నువ్వుండరా," అంది పెద్దమ్మ అతనితో. చీపురు ముడి పళ్ళతో లాగి బిగించింది. "నిన్న నువ్వు అరిచింది భయంతోనే. తెలుసు నాకు. భయమేస్తే నేనూ అరుస్తాను. కానీ ఆ మాటే ఎందుకన్నావు? ఇవాళ పెట్టను పొండి అంటే పోయేవాళ్ళం కదా. ఊరికే తినేవాళ్ళమని ఎందుకన్నావు? నా పక్కన మా కోడలుంది. కొత్తగా పనిలోకొచ్చింది. ఆ పిల్ల ముందు నన్ను అడుక్కునేదాన్ని చేశావు."

"తప్పే," అంది రొట్టెలక్క.

"తప్పే," అంది పెద్దమ్మ కూడా. జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పింది. తన కోడలి వైపు చూసింది. ఆ పిల్ల కొంచెం తటపటాయించి తన డబ్బులూ అందులో వేసింది. రుమాలు వరస పొడుగునా తిరిగింది. తాళ్ళ అతను అందరికంటే ఆఖర్న వేశాడు, చప్పుడయ్యేలా వేశాడు.

"ఇది అప్పు కాదు," అంది పెద్దమ్మ మూట ఆమె చేతిలో పెడుతూ. "ఇవాళ్టి తిండికి కడుతున్నాం. నువ్వు ఎవరి దగ్గరా ముందు తీసుకోవుగా, తిన్నాకే వెయ్యమంటావుగా. మా దగ్గర మాత్రం ముందే తీసుకో. అప్పుడు పొమ్మనడానికి నీకు వీలుండదు."

రొట్టెలక్క తీసుకుంది. ఇన్నేళ్ళుగా అందరినీ నమ్మి పెట్టినదాన్ని అని లోపల కొంచెం గర్వం ఉండేది ఆమెకి. తనని కూడా ఎదుటివాళ్ళు నమ్మాలనీ, ఆ నమ్మకం కూడా పోగలదనీ ఎప్పుడూ అనుకోలేదు. మూట వెచ్చగా ఉంది. దాన్ని అలాగే పిడికిట్లో పట్టుకుని గుడ్ల కొట్టు దాకా నడిచింది.

ఆఖరి రోజు కాబట్టి జనం విరగబడ్డారు. వేదిక మీద దరువు మొదలైతే చెక్క మీద గుడ్లు గిన్నెలో కదిలేవి. మొగుడి చేతిలో మెషీను ఆగకుండా మోగుతూనే ఉంది. ఎండ వాలగానే పనివాళ్ళు వచ్చారు. ఈసారి బండి వెనక్కి వెళ్ళలేదు. పట్టీలవాళ్ళ వరసలోనే వాళ్ళ మధ్యే నిలబడ్డారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు మొగుడు మెషీను పక్కకి దించాడు. రొట్టెలక్క కంపెనీ ప్లేట్లలోనే వడ్డించింది. ప్లేట్ల సంగతి తర్వాత ఎలాగోలా చూసుకుందామనుకుంది, ఎలాగో ఆమెకే తెలియదు.

వాళ్ళు సగం తిన్నారో లేదో టోపీ అతను వచ్చాడు. అలిసిపోయి ఉన్నా మొహం తేటగా ఉంది. వెంట మెడలో కెమెరా వేసుకున్న ఒకమ్మాయి ఉంది.

"మీ సంగతి పైవాళ్ళకి చెప్పానమ్మా," అన్నాడు. గొంతు లేకపోవడంతో దగ్గరికొచ్చి చెప్పాల్సి వచ్చింది. "పనివాళ్ళకి ఊరికే అన్నం పెడుతున్నారంటే చాలా సంతోషించారు. ఇలాంటివి కావాలంట వాళ్ళకి. ఈ ప్లేట్లన్నీ లెక్కలోంచి తీసేద్దాం. వచ్చే ఏడు మీకు వేదిక ఎదురుగానే చోటు. ఒక్క ఫోటో చాలు. మీరు వడ్డిస్తూ, వీళ్ళు తింటూ."

అమ్మాయి కెమెరా మూత తీసి, కొంచెం దగ్గరగా రండి అని పనివాళ్ళకి సైగ చేసింది. ఎవరూ కదల్లేదు. తినడం ఆపి ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. కోడలుపిల్ల అత్త వెనక్కి జరిగింది. పెద్దమ్మ రొట్టెలక్క వైపు చూడలేదు. ప్లేటులోకే చూస్తోంది.

మొగుడు దగ్గరికొచ్చి మోచేత్తో పొడిచాడు. "ఊఁ అను," అన్నాడు గొణుగుతూ. "నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరుకో చాలు. అమ్మాయి చదువు గుర్తు పెట్టుకో."

అతను అన్నదీ నిజమే. ఏమీ అనక్కర్లేదు. నిలబడితే చాలు. రొట్టెలక్క మంట తగ్గించింది. రెండు చేతులూ నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది, వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది.

"ఊరికే పెట్టట్లేదు బాబూ," అంది.

"నిన్న మీరే కదమ్మా అన్నారు..."

"నిన్న అబద్ధం చెప్పాను. మొదటి రోజూ డబ్బు తీసుకున్నాను, గేటు బయట. ఇవాళ పొద్దున్నే తీసుకున్నాను, ముందే. ఈ గుడ్లు వాళ్ళ డబ్బులతో కొన్నవే. మీ పట్టీలవాళ్ళు తింటున్నవి కూడా."

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. కెమెరా అమ్మాయిని కొంచెం పక్కకి ఉండమన్నాడు. "అమ్మా, మీరు ఈ మాట అనలేదనుకుంటాను. నేను విన్నానంటే రాయాలి. రాస్తే మీకు ఇక్కడే కాదు, ఎక్కడా ఉండదు. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించే చెప్పాను. రాసుకో."

అతను ఇంకా కాసేపు నిలబడ్డాడు, ఆమె మాట మార్చుకుంటుందేమోనని. వరసలో వెనకున్నవాళ్ళు ఏమైందని తొంగి చూస్తున్నారు. చివరికి ఫోను తీసి ఏదో రాసుకుని, సాయంత్రం మెషీను అప్పగించేటప్పుడు ఆఫీసు గుడారానికి రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. కెమెరా అమ్మాయి మూత పెట్టుకుంటూ అతని వెనకే వెళ్ళింది.

మొగుడు మెషీను చెక్క మీద పెట్టేసి, గిన్నె దగ్గర కూర్చుని గుడ్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కోటి అవసరమైన దానికంటే గట్టిగా కొడుతున్నాడు. పెంకు ముక్కలు గిన్నెలో పడితే తిట్టుకుంటూ ఏరుతున్నాడు. అతని కోపం న్యాయమైనదే. సాయంత్రానికో, రేపటికో ఆ కోపం ఎదుర్కోవాలి. కూతురికి ఏం చెప్పాలో చూసుకోవాలి. ఆమెకి ఇప్పుడే చాలా నీరసంగా ఉంది. అయినా మంట పెంచి, నూనె రాసి, తర్వాతి వాళ్ళకి పోసింది.

పనివాళ్ళు తినడం ముగించి ఒక్కొక్కరే పనిలోకి వెళ్ళారు. పెద్దమ్మ మాత్రం నిదానంగా తింటూ పెనం పక్కకి వచ్చి నిలబడింది.

"చోటు పోయినట్టేనా?" అంది.

"పోయినట్టే."

"ఊరుకోవాల్సింది. ఒక ఫోటోనే కదా. పరిస్థితి తెలిసినవాళ్ళం, మేమేం అనుకునేవాళ్ళం కాదు."

"అనుకునేవాళ్ళు," అంది రొట్టెలక్క, అట్లకాడతో రొట్టె నొక్కుతూ.

పెద్దమ్మ నోట్లోది నమిలి మింగింది.

"అవును," అంది. "అనుకునేవాళ్ళమే."